కెమెరాకూ కాళ్లుంటాయి

అరకులో వలిసెలు పూసే కాలం వచ్చిందంటే విశాఖలో వారాంతపు రైలు టికెట్లు దొరకవు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ కొండవాలులన్నీ పచ్చటి పసుపుకు తిరుగుతాయి. అద్దాల బోగీలో వచ్చినవాళ్లూ, కార్లలో వచ్చినవాళ్లూ చేసే పని ఒకటే. రోడ్డు పక్కన ఆగడం, గట్టు దిగి చేలోకి నడవడం, నడుంలోతు పూలలో నిలబడి ఫొటో దిగడం. గట్టు మీద ఒక కుర్రాడో ముసలమ్మో నిలబడి మనిషికి పదో ఇరవయ్యో అడిగితే మాత్రం ముఖాలు ముడుచుకుంటాయి. ‘పువ్వులు చూడ్డానికి కూడా డబ్బులేనా?’ అంటారు. బొంగులో చికెన్‌కు అడిగినంతా ఇచ్చి వచ్చినవాళ్లే ఆ మాట అనేది.

చూసినందుకు అక్కడ ఎవరూ అడగడం లేదు. రోడ్డు మీద నిలబడి ఎంతసేపు చూసినా, ఫోను నిండా ఫొటోలు నింపుకున్నా పైసా ఇవ్వక్కర్లేదు. అడుగుతున్నది చేలో దిగినందుకు. వలిసె చేను మన కళ్లకు పూలతోట గానీ, వేసిన గిరిజన రైతుకు అది నూనెగింజల పంట. బంతితోటలో ఉన్నట్టు సాళ్లు, బోదెలు ఉండవు. విత్తనం చేత్తో వెదజల్లుతారు, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. అందువల్ల కాలు పెట్టే ఖాళీ అంటూ ఉండదు, వేసిన ప్రతి అడుగూ ఏదో ఒక మొక్క మీదే. కాండం లోపల డొల్ల, కాస్త వంగితే పుటుక్కున విరుగుతుంది. పైగా ఏ మొక్క పుప్పొడి ఆ మొక్కకు పనికిరాదు. తేనెటీగలు ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి తిరిగితేనే గింజ కడుతుంది. పూల మధ్య జనం చున్నీలు ఎగరేసుకుంటూ పొద్దంతా తిరుగుతుంటే ఆ ఈగలు తమ పని ఎప్పుడు చేసుకుంటాయి?

ఇంకో సంగతుంది. ముందు వెళ్లినవాళ్లు తొక్కిన బాట తమ ఫొటోలో పడకూడదని ప్రతివాళ్ల పట్టుదల. తమకంటే ముందు ఎవరూ రానట్టు, ఆ పూలన్నీ తమ కోసమే పూసినట్టు ఉండాలి. అందుకని పాత బాటలో ఆగరు, దాన్ని దాటి మరో పదడుగులు లోపలికి పోతారు. వెనక వచ్చిన జంటకు ఇప్పుడు వీళ్ల బాట అడ్డం. వాళ్లు ఇంకో పక్కనుంచి చీల్చుకుంటారు. సాయంత్రానికి చూస్తే పశువులు పడ్డ చేనులా ఉంటుంది. పశువులైతే వెనకటికి బందెలదొడ్డిలో పెట్టి, యజమాని జరిమానా కడితే గానీ వదిలేవాళ్లు కాదు. ఫొటోల వాళ్లకు ఆ భయం కూడా లేదు.

పరుల తోటను ఫొటో తీయడంలో మర్యాద అనగానే మనం కెమెరా గురించి ఆలోచిస్తాం. పంట చేల దగ్గర నష్టమంతా చేసేది కాళ్లు. జపాన్‌లో హొక్కైడో దీవిలోని బియెయి అనే ఊళ్లో, పొలాల మధ్య ఒక పక్కకు ఒరిగిన పోప్లర్ చెట్టు ఒకటి ఉండేది. తల వంచుకుని ఏదో దీర్ఘాలోచనలో ఉన్నట్టుండేది కాబట్టి దానికి తత్త్వచింతన చెట్టని పేరు పడింది. ఫొటోలు తీసేవాళ్లకు అదొక తీర్థయాత్ర. చెట్టేమో ఒక రైతుది. చుట్టూ ఉన్న పంటా ఆయనదే. లోపలికి రావొద్దని ఎంత మొత్తుకున్నా జనం ఆగలేదు. పైగా అది బంగాళాదుంపలు పండే ప్రాంతం. చెప్పుల అడుగున అంటుకున్న మట్టితో తెగుళ్లు, నులిపురుగులు ఒక చేలోంచి ఇంకో చేలోకి పాకుతాయి. చెట్టు కూడా ముసలిదైంది. 2016 ఫిబ్రవరిలో ఆ రైతే దాన్ని కూలగొట్టించాడు. అన్ని వేల ఫొటోల్లో ఉన్న చెట్టు ఇప్పుడు నేల మీద లేదు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

డబ్బు పుచ్చుకుంటే సరిపోతుందా అంటే, అదీ జనాన్ని బట్టి ఉంటుంది. కెనడాలోని ఆంటారియోలో 2018 జూలైలో ఒక పొద్దుతిరుగుడు రైతు కుటుంబం మనిషికి ఏడున్నర డాలర్లు పెట్టి తోట తెరిచింది. వారం తిరిగేసరికి దారుల నిండా వేల కార్లు. పోలీసులు వచ్చారు, తోట మూతపడింది. మన పొరుగున మైసూరు–ఊటీ దారిలో గుండ్లుపేట రైతులు పొద్దుతిరుగుడు చేల దగ్గర ఫొటోకు ఇంతని తీసుకుంటారు. అక్కడ బండి ఆపే తెలుగువాళ్లు తక్కువేం కాదు. అరకులో గట్టు మీద అడిగే ఆ ఇరవై రూపాయలు నాకు మర్యాదగల ఏర్పాటుగానే కనిపిస్తాయి. పోయే గింజకు అది పూర్తి వెల కాకపోవచ్చు. చేనుకు ఒక యజమాని ఉన్నాడని గుర్తుచేస్తుంది. ఎటునుంచి దిగాలో, ఎంతవరకు వెళ్లాలో చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉంటారు. ఇచ్చేటప్పుడు బేరం ఆడకండి. ఇచ్చాం కదా అని పూలు తుంచి జడలో పెట్టుకోనూ కూడదు. ఆ ముసలమ్మను కూడా తోటలో భాగమే అన్నట్టు ఫొటో తీసేవాళ్లుంటారు. ఆమె ఇరవై పుచ్చుకున్నది చేను కోసం, తన ముఖం కోసం కాదు. అది విడిగా అడగాల్సిన సంగతి.

ఇళ్ల దగ్గర ఈ లెక్కంతా మారిపోతుంది. అక్కడ కాళ్లతో గొడవ తక్కువ, మొహమాటంతోనే ఎక్కువ. మిద్దెతోటల్నే తీసుకోండి. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు తమ ఇంటి మీద పండించి, రాసి, ఫొటోలతో చూపించబట్టే ఇవాళ ఇంతమంది మేడల మీద మడులు కడుతున్నారు. ఫొటోలు తోటలకు మేలు చేస్తాయనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే అక్కడ చూపించింది తోటవాళ్లే. చుట్టపు చూపుగా వెళ్లిన మనం మెట్లెక్కుతూనే ఫోను తీసి ‘ఫొటో తీసుకోవచ్చా అండీ?’ అంటే ఆ ఇల్లాలు ఏమంటుంది? ‘అయ్యో, దానికేముందండీ, తీసుకోండి’ అంటుంది. కాదనడం మన ఇళ్లలో ఎవరికీ నేర్పలేదు. ఆ మాట నోటితో అంటూనే ఆమె ఒక పక్కనుంచి తీగ మీది బట్టలు లాగేస్తూ ఉంటుంది, పండుటాకులు గిల్లేస్తూ ఉంటుంది, ఎండిపోయిన టమాటా కుండీని కాలితో ట్యాంకు వెనక్కి నెడుతూ ఉంటుంది. అనుమతి ఆ చేతులు ఆగినప్పుడు దొరికినట్టు. అంతవరకు ఫోను జేబులో ఉండాలి.

తోట పెంచేవాళ్ల మాట ఒకటి ఎక్కడికెళ్లినా వింటాం. ‘పోయిన వారం రావాల్సిందండీ, చామంతులు విరగబూశాయి.’ తోట ఎప్పుడూ పోయిన వారమే బాగుంటుంది. మనం చూసేది వాళ్ల దృష్టిలో సగం పని జరిగిన తోట. దాన్ని వాళ్ల పేరుతో లోకం మీదికి వదలడమంటే, పిండి చేతులతో ఉన్న మనిషిని గుమ్మంలోకి పిలిచి పదిమందికి పరిచయం చేయడమే.

ఇక దిష్టి. సొరపిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందని, చూపించాల్సి వస్తే వేలు మడిచి చూపించమని మన అమ్మమ్మలు చెప్పేవాళ్లు. నిండుగా కాసిన దానిమ్మ ముందు నిలబడి ‘వద్దమ్మా, దిష్టి తగులుతుంది’ అని ఇప్పటికీ ఫొటోకు ఒప్పుకోనివాళ్లున్నారు. సొరపిందె ఎందుకు కుళ్లుతుందో నాకు తెలుసు. పరాగసంపర్కం సరిగ్గా జరగకపోయినా, పండుఈగ కుట్టినా కుళ్లుతుంది. అయినా ఆ మాటకు ఎదురు చెప్పను. మొహమాటం చంపుకోలేని మన సంసారాల్లో ఎదుటివాళ్లను నొప్పించకుండా కాదనడానికి మిగిలిన దారి దిష్టి ఒక్కటే. అలాంటి చోట సైన్సు పాఠం మొదలుపెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

తీసిన ఫొటోలో తోటతో పాటు ఏమేం పడుతున్నాయో కూడా చూసుకోవాలి. మేడ మీద ఆరబెట్టిన వడియాలు, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునే కోడలు, పక్కింటి కిటికీ, గేటు మీది ఇంటి నంబరు. పొద్దున పోస్టు చేసిన తోట ఏ వీధిలో ఉందో మధ్యాహ్నానికి పదిమందికి తెలుస్తుంది. డ్రోన్ల వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడలు పక్కల నుంచి అడ్డమే గానీ పైనుంచి ఏమీ దాచవు.

చట్టం ఇక్కడ మొత్తం కెమెరా పక్షం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త తీసినవాడు. ఎవరి కోసమో డబ్బు పుచ్చుకుని తీస్తే తప్ప హక్కూ అతనిదే. మూడేళ్లు మట్టి మోసి, ఎండాకాలమంతా నీళ్లు మోసి ఆ తోటను ఫొటోకు తగ్గట్టు తయారు చేసినావిడకు అందులో చిల్లిగవ్వ హక్కు లేదు. అందుకే మర్యాద అవసరమైంది. ‘తీసుకోవచ్చా’ అనేది సగం ప్రశ్నే. ‘ఎక్కడ పెడతానంటే’ అనేది మిగతా సగం. ఇంట్లో గ్రూపులో పెట్టుకోవడం వేరు, ఛానల్లో పెట్టడం వేరు, అపార్టుమెంట్లు అమ్మే కరపత్రం మీద ‘మీ కలల తోట’ అని అచ్చేయడం వేరు.

ఎరువుల అమ్మకానికో, పోటీలో బహుమతికో వాడుకునే ఫొటో అయితే ముందే చెప్పాలి, పేరు వేయమంటారా వద్దా అని అడగాలి. కొందరు వేయమంటారు, కొందరు వద్దే వద్దంటారు.

మన వీధుల్లో ఇలాంటి వాదన ఒకటి ఎప్పట్నుంచో నడుస్తోంది. తెల్లవారుజామున సంచీ పట్టుకుని, ఒక వంపు కర్రతో ఎవరి గోడ మీది నందివర్ధనాలనైనా దులుపుకుపోయే భక్తులుంటారు. పట్టుకుంటే ‘దేవుడికేగా’ అంటారు. ఫొటోల వాళ్లది ‘ఫొటోయేగా, పువ్వేం తగ్గిపోయింది’ అనే వరస. ఇద్దరిలో ఫొటోవాడే నయం, మర్నాటికి చెట్టు మీద పూలుంటాయి. ఇద్దరికీ ఉన్న జబ్బు మాత్రం ఒకటే, ఇంట్లోవాళ్లు లేవకముందే పని కానిచ్చేయాలనుకోవడం.

అలాగని ప్రతి ఆకుకూ అర్జీ పెట్టాలని నేననను. గోడ దాటి రోడ్డు మీదికి వేలాడే కాగితంపూల గుత్తిని ఎవరి అనుమతీ లేకుండా ఫొటో తీసుకోవచ్చు. రోడ్డు అందరిదీ, ఆ కొమ్మే మన వైపు వచ్చింది. కడియపులంక నర్సరీల్లో కొత్త సంవత్సరానికీ, జెండా పండుగలకీ మొక్కల్నే పేర్చి అక్షరాలు, బొమ్మలు చేస్తారు. అవి ఫొటోలు తీయడానికే, తీయకపోతే నొచ్చుకుంటారు. అదే నర్సరీలో ఒక్కో మొక్కకూ నీడ ఎంత, నీరెంత అని అరగంట అడిగి తెలుసుకుని, చీటీతో సహా ఫొటో తీసుకుని, బయటికొచ్చి ఆన్‌లైన్‌లో రేటు వెతికేవాళ్లను మాత్రం ఏమనాలో తెలియదు. కనీసం ఒక కరివేపాకు మొక్కయినా కొనండి.

ఇంటి తోటలకు వెళ్లినప్పుడు చేయదగిన పని ఇంకోటుంది. తీసిన వాటిలో మంచివి నాలుగు ఆ సాయంత్రమే వాళ్లకు పంపండి. పెంచేవాళ్ల దగ్గర సాధారణంగా తోట ఫొటోలు ఉండవు. ఉన్నా కాసిన కాయవే ఉంటాయి, వాళ్లు అందులో ఉండరు. చేతులకు మట్టి ఉండగా ఫోను ఎవరు పట్టుకుంటారు? తోటలో వాళ్లు కూడా ఉన్న ఫొటో ఒకటి తీయమంటారేమో అడగండి. ఈసారి ‘దానికేముందండీ’ అని కాకుండా, ‘ఉండండి, చీర మార్చుకొస్తాను’ అంటారు.