చెయ్యి కలిసిందా? కాస్త ఆగండి!

రమ్మీలో చెయ్యి కలిస్తే వెంటనే షో చెప్పేస్తాం. పోకర్‌లో మాత్రం ఒక్కోసారి ఏమీ ఎరగనట్టు కూర్చోవడమే లాభం. దాన్నే స్లో ప్లే అంటారు.

1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫైనల్లో జానీ చాన్ చేసిందదే. టేబుల్ మీద రాణి, పది, ఎనిమిది. తన చేతిలో జాకీ, తొమ్మిది. సీక్వెన్స్ రెడీ! అయినా పందెం పెంచకుండా ఊరుకున్నాడు. రాణుల జత ఉన్న ఎరిక్ సైడెల్ చివర్లో చిప్స్ మొత్తం ముందుకు తోసేశాడు. ఇంకేముంది, టైటిల్ చాన్‌దే.

మరి మనమెప్పుడు ఆగాలి? ఎదురుగా ఒక్కరే ఉండాలి. వాళ్లు దూకుడుగా పందెం కాసే రకం అయ్యుండాలి. తర్వాత పడే ముక్క మన చేతిని దెబ్బతీసే అవకాశం తక్కువగా ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే ఆగండి.

టేబుల్ మీద రెండు ఆఠీన్లు కనిపిస్తున్నాయా? ఆగొద్దు, గట్టిగా కాయండి. లేదంటే ఎదుటివాళ్లకి ఫ్లష్ కోసం ఇంకో ముక్క ఫ్రీగా చూపించినట్టే. ముగ్గురు నలుగురు ఆటలో ఉన్నా అంతే.

ఎటూ తేలకపోతే పందెం కాయడమే మేలు. మంచి చేతులు చాలావరకు అతితెలివి దగ్గరే పోతాయి.

అన్నట్టు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం నేరం. సాధనంతా ఉత్తుత్తి చిప్స్‌తోనే!