చేప మెచ్చే ఈక

గాలానికి వానపామును గుచ్చడం, పిండిముద్ద అంటించడం మనకు తెలిసిందే. ఫ్లై ఫిషింగ్‌లో ఆ రెండూ ఉండవు. చిన్న గాలం మీద దారంతో ఈకలూ బొచ్చూ చుట్టి, పురుగులా కనిపించే బొమ్మ తయారుచేస్తారు. దాని పేరే ఫ్లై. నీటిమీద నిజంగానే ఏదో పురుగు వాలిందనుకుని చేప నోరు తెరుస్తుంది... అంతే, చిక్కిపోతుంది! ఇది నిన్నమొన్నటి సరదా కాదు. మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని ఏలియన్ అనే రోమన్ రచయిత సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు.

మన దేశంలో ట్రౌట్ చేపలుండే కశ్మీర్, హిమాచల్‌ప్రదేశ్ వాగుల్లో ఈ వేట సాగుతోంది. ఫ్లైలు దుకాణంలో కొనుక్కోవచ్చు. కానీ సొంతంగా కట్టుకున్నదానికి చేప పడితే ఆ మజాయే వేరు. అలా సరదాపడి మొదలుపెట్టినవాళ్లు ముందుగా తడబడేది ఈకల దగ్గరే. రంగురంగుల పొట్లాలు చూడగానే కళ్లు చెదురుతాయి. అందంగా ఉన్నదల్లా కొనేస్తారు. తీరా కట్టి నీళ్లలో వేస్తే తేలాల్సిన ఫ్లై బుడుంగున మునుగుతుంది. ఈకను ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే... నీళ్లలో అది ఏం పని చెయ్యాలి?

తేలాలా... మునగాలా?

నీటిమీద తేలేదాన్ని డ్రై ఫ్లై అంటారు. దీనికి పుంజు ఈకలు కావాలి. మెడ మీదివైనా సరే, నడుం మీంచి తోక పక్కలకు జారే పొడవాటివైనా సరే. వీటి పోగులు బిరుసుగా ఉంటాయి. ఈకను గాలం కాడకు ఐదారు చుట్లు తిప్పితే పోగులన్నీ బండిచక్రం ఆకుల్లా నిలబడతాయి. ఆ కొనల ఊతంతోనే ఫ్లై నీటిపొర మీద నిలుస్తుంది.

మునిగే ఫ్లైకి పెట్ట ఈక మేలు. మెత్తగా ఉండి నీటిని పీల్చుకుంటుంది. ప్రవాహంలో దాని పోగులు పురుగు కాళ్లలా కదులుతాయి. కదలిక ఇంకా ఎక్కువ కావాలంటే మారబూ తీసుకోవాలి. ఒకప్పుడు మారబూ కొంగ నుంచి తీసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది టర్కీకోడి మెత్తటి ఈక. పొడిగా ఉన్నప్పుడు దూదిలా ఉబ్బి ఉంటుంది. తడిస్తే సన్నబడి, తోకలా ఊగుతుంది.

కొనే ముందు...

* ఈక కాడను వేలి చుట్టూ మెల్లగా వంచండి. పుటుక్కున విరిగితే అది పాతబడినట్లే. గాలానికి చుట్టేటప్పుడూ విరుగుతుంది.

* పోగులను వెనక్కి దువ్వి వెలుతురులో చూడండి. కాడ పక్కన మసగ్గా, ఒకదానికొకటి అంటుకున్నట్టు నూగు కనిపిస్తుంది. డ్రై ఫ్లైకి అది ఎంత తక్కువుంటే అంత మంచిది.

* గాలం మొనకీ కాడకీ మధ్య ఉండే ఖాళీని కొలవండి. డ్రై ఫ్లైకి పోగు పొడవు దానికి ఒకటిన్నర నుంచి రెండింతలుండాలి.

* ఫ్లైకి రెక్కలు కట్టాలంటే బాతు రెక్క ఈకలు జతగా తీసుకోవాలి. ఒకటి కుడి రెక్కది, రెండోది ఎడమ రెక్కది. రెండూ ఒకేవైపువైతే వంపు కుదరదు.

డ్రై ఫ్లైకి పనికొచ్చే మేలురకం పుంజు ఈకలు ఖరీదైనవి. అమెరికాలో కేవలం ఈకల కోసమే కొన్ని కోళ్లను తరతరాలుగా ఎంపికచేసి పెంచుతున్నారు. 2011లో అక్కడి అమ్మాయిలకు ఆ పొడవాటి ఈకలను జుట్టులో పెట్టుకోవడం ఫ్యాషనైంది. దాంతో చేపలవేట దుకాణాల్లో సరుకు ఖాళీ అయింది, ధరలు కొండెక్కాయి. చెయ్యి కుదిరేదాకా అలాంటి ఈకల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అందం కోసం దొంగతనం

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో సాల్మన్ చేపల కోసం అరుదైన పక్షుల ఈకలతో ఫ్లైలు కట్టేవారు. వాటిలో ‘ఇండియన్ క్రో’ ఒకటి. పేరులో ఇండియా ఉన్నా, ఆ పక్షిది దక్షిణ అమెరికా! ఆ పాత ఫ్లైలను అచ్చుగుద్దినట్టు కట్టాలన్న వెర్రి ఇప్పటికీ కొందరిలో ఉంది. వాటిని నీళ్లలో వేసేవాళ్లు తక్కువ, అద్దాల పెట్టెల్లో పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఆ వెర్రి ఎక్కడిదాకా వెళ్లిందంటే... 2009 జూన్‌లో లండన్‌లో సంగీతం చదువుతున్న ఓ అమెరికన్ విద్యార్థి ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలోకి రాత్రిపూట చొరబడ్డాడు. 299 పక్షి చర్మాలు ఎత్తుకెళ్లి, చాలావాటిని ఫ్లైలు కట్టేవాళ్లకు అమ్ముకున్నాడు. జీవపరిణామ సిద్ధాంతంలో డార్విన్ సరసన నిలిచిన వాలెస్ సేకరించిన పక్షులూ వాటిలో ఉన్నాయి. ఏ పక్షి ఎప్పుడు, ఎక్కడ దొరికిందో చెప్పే చీటీలు పోతే ఆ చర్మాలు శాస్త్రానికి ఉత్త ఈకలే. 2011లో కోర్టు అతనికి 12 నెలల జైలుశిక్ష విధించి, దాన్ని నిలిపివేసింది. పోయినవాటిలో చాలా చర్మాలు తిరిగి రానేలేదు.

ఇంతచేసినా ఆ ఈకల తేడా చేపకు తెలియదు. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని సంరక్షించే ఉద్యోగి ఫ్రాంక్ సాయర్ ఫెజెంట్ పక్షి తోక పోగులు, సన్నటి రాగితీగ... ఈ రెండింటితోనే ఓ ఫ్లై కట్టాడు. దారం కూడా వాడలేదు. ప్రపంచమంతటా ట్రౌట్ వేటగాళ్లు దాన్ని నేటికీ వాడుతున్నారు.

మన అడవికోడి

ఈ కథలో మన పక్షికీ చోటుంది. దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల మీద మైనం చుక్కల్లాంటి మచ్చలు మెరుస్తుంటాయి. ఒకప్పుడు ఫ్లైల కోసం ఈ ఈకలు విదేశాలకు తరలిపోయేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవికోడికి రక్షణ ఉంది. దాన్ని వేటాడటం, ఈకలు అమ్మడం నేరం. నెమలి సహజంగా రాల్చిన తోక ఈకలను దేశంలో అమ్ముకోవడానికి మినహాయింపుంది కానీ విదేశాలకు పంపకూడదు. ఎవరైనా ‘అసలైన అడవికోడి ఈక’ అని చూపిస్తే వద్దనండి.

చెయ్యి అలవాటు కావడానికి మన పెరటి పుంజే చాలు. పందెంకోళ్లను డేగ, కాకి, సేతువ అంటూ ఈకల రంగును బట్టి పిలిచే మనకు రకాలు గుర్తుపట్టడం నేర్పాలా! బ్రాయిలర్ కోడి మాత్రం పనికిరాదు. ఆరేడు వారాలకే కోసేస్తారు కాబట్టి దాని ఈకలు ముదరవు. నాటుపుంజు ఈకలను సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, కవర్లో గట్టిగా మూసి వారంపాటు ఫ్రీజర్‌లో ఉంచండి. లేదంటే బట్టలు కొరికే పురుగు వీటినీ వదలదు.

ఇక దుకాణానికి వెళ్తే మూడే పొట్లాలు కొనండి... నల్ల మారబూ ఒకటి, పెట్ట మెడ ఈకలు ఒకటి, దారానికి గుచ్చి చవగ్గా అమ్మే పుంజు నడుం ఈకలు ఒకటి. మారబూ తోక, ఉన్నిదారపు ఒళ్లు, దానిపై పుంజు ఈక చుడితే ‘ఊలీ బగ్గర్’ సిద్ధం. కొత్తవాళ్లు మొదట నేర్చుకునేది ఎక్కువగా దీన్నే. నాలుగోది, అయిదోది కట్టేసరికి వేళ్లకు పని పట్టుబడుతుంది. ఆ తర్వాత ఏ ఈక కొనాలో మీకే తెలుస్తుంది.