వరద తీసింది – మంచి అలవాట్లు తిరిగి రావాలి

కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడల్లా లంక గ్రామాలవారికి అగచాట్లు తప్పడం లేదు. 2009 అక్టోబరు నాటి వరదను పెద్దలు ఇంకా మరచిపోలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. నీరు తీసిన తరువాత అధికారులు వచ్చి కూలిన ఇళ్లు, మునిగిన అరటి, పసుపు, కంద తోటలు లెక్క రాసుకుంటారు. అయితే ఏ లెక్కకూ ఎక్కని నష్టం మరొకటి ఉంది. వరదతోపాటు మంచి అలవాట్లు కూడా కొట్టుకుపోతున్నాయి.

కాచిన నీళ్లు తాగే ఇంటివారు సహాయ శిబిరంలో ప్యాకెట్ నీళ్లకు అలవాటుపడి, అవి ఆగిపోగానే కుళాయి నీళ్లు అలాగే తాగేస్తారు. మరుగుదొడ్డి గుంత ఒండ్రుతో పూడిపోతే మళ్లీ చెంబు పట్టుకుని గట్టు మీదికి వెళతారు. రక్తపోటు, మధుమేహం మాత్రలు, డాక్టరు రాసిన చీటీ తడిసి పాడైపోతే 'ఒంట్లో బాగానే ఉంది గదా' అని మానేస్తారు. బీడీ మానినవాడు శిబిరంలో ఊసుపోక మళ్లీ వెలిగిస్తాడు.

దీనిని బద్ధకం అనడం న్యాయం కాదు. నీళ్లు కాచే గిన్నె, గూట్లో మాత్రల డబ్బా, పనిచేసే మరుగుదొడ్డి ఉంటేనే అలవాటు నిలుస్తుంది. ఆ ఆధారం పోతే అలవాటూ పోతుంది. కనుక ముందు ఆధారాన్ని నిలబెట్టుకోవాలి.

అన్నీ ఒక్కరోజున సర్దుకోవు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చే రెండింటితో మొదలుపెట్టాలి. అవి నీళ్లు, మందులు. నీళ్లు బాగా తెర్లేదాకా కాచి, మూతపెట్టి, చల్లార్చి తాగాలి. రక్తపోటు చాలామందిలో పైకి ఏ బాధా తెలియనివ్వదు. తెలిసేటప్పటికి పక్షవాతం వచ్చి ఉండవచ్చు. మానేసిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగడం ప్రమాదం. నర్సమ్మ దగ్గర రక్తపోటు, చక్కెర చూపించుకుని, డాక్టరు చెప్పిన మోతాదుతో తిరిగి మొదలుపెట్టాలి. చీటీ పోయిందని వెనుకాడనవసరం లేదు.

మిగిలినవి ఒక్కొక్కటే దారికి వస్తాయి. మాత్రల డబ్బాను వేళను బట్టి టీ గ్లాసుల పక్కనో, అన్నం కంచాల పక్కనో పెట్టుకుంటే మరచిపోవడం తగ్గుతుంది. ఒకరోజు తప్పితే వ్రతభంగమైనట్లు మొత్తం వదిలేయరాదు. మర్నాడు యథాప్రకారం సాగించాలి.

పంట పోయి అప్పు నెత్తిన పడ్డవాడికి ఈ నియమాలు ఎక్కడ పడతాయని కొందరు అనవచ్చు. కౌలు రైతు ఆ మాట అంటే తప్పుపట్టలేము. కాని మళ్లీ సేద్యం చేయవలసింది ఆ ఒంటితోనే. ఇంటి పెద్ద మంచాన పడితే వరద మిగిల్చిన కాస్తా ఆస్పత్రి ఖర్చులకు పోతుంది.

ఈ భారమంతా ఇంటివారి మీదనే వేయడం తగదు. వరద తీసిన వెంటనే పంచాయతీ నీళ్ల ట్యాంకు కడిగించి క్లోరిన్ కలిపించాలి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి మందులు ఆపేసినవారెవరో తెలుసుకుని, ఊరికి 104 వాహనం వచ్చిన రోజున వారిని వెంటబెట్టుకు వెళ్లాలి. పూడిన మరుగుదొడ్లను కూడా నష్టం లెక్కలో చేర్చి, బాగుచేయడానికి సాయం అందించాలి.

వరద మళ్లీ రాదన్న హామీ లేదు. ఈసారి ఇల్లు వదిలేటప్పుడు పాసుపుస్తకం కట్టుకునే మూటలోనే మాత్రలు, డాక్టరు చీటీ కూడా తడవకుండా కట్టుకోవడం మంచిది.