బొగ్గుబాయి - మంచినీళ్ల బాయి

సింగరేణి ప్రాంతంలో బొగ్గుగనిని కూడా బాయి అనే అంటారు. ఆ బాయి లోతుకు పోయేకొద్దీ ఊరి బాయి ఎందుకు ఎండుతోందన్నది స్త్రీల హక్కుల ప్రశ్న అని నా అభిప్రాయం.

భూగర్భ గనిలోకి ఊటనీరు దిగుతూనే ఉంటుంది. పని సాగాలంటే రాత్రింబగళ్లు పంపులతో తోడిపోయాలి. దాంతో చుట్టుపక్కల నీటిమట్టం పడిపోతుంది. ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలను కూడా తీసేసి, ఆ ఖాళీని ఇసుకతో నింపకపోతే పైకప్పు కూలుతుంది, నేల కుంగుతుంది. ఆ పగుళ్లలోంచి వాగునీళ్లు లోపలికి జారిపోతాయి. ఇల్లెందులో 1889లో మొదలైన ఈ తవ్వకం గోదావరి లోయంతా పాకింది.

1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. గనిలో ఆమెకు పని లేదన్నారు సరే, బాయి ఎండితే బిందె పట్టుకుని దూరం నడిచేది ఎవరు? భూమి పోతే పరిహారం పట్టాదారుకి వస్తుంది. పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటుంది. ఆమె నడకకు ఏ రిజిస్టరులోనూ పద్దు లేదు.

గనులు మూసేస్తే కార్మికుల గతేమిటని అడుగుతారు. మూయమని నేననడం లేదు. తవ్వకానికి ముందే ప్రతి బాయిలో నీటిమట్టాన్ని స్త్రీల సమక్షంలో కొలిచి, పంచాయతీలో రాసిపెట్టాలి. తర్వాత నీళ్లు తగ్గితే, తోడిపోసే గని నీటినే శుద్ధిచేసి ఇంటింటికీ ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో మన సంఘాలు ఈ కోరికలను రాతపూర్వకంగా పెట్టాలి. సికింద్రాబాద్‌లో మన ఇళ్లకొచ్చే కరెంటులో ఆ బొగ్గు కూడా ఉంది, కనుక ఈ బాధ్యత మనది కూడా.