మా చరిత్రకు మా భాషలో గొంతు ఇవ్వండి
'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' విస్తరణపై మూసాపేట ఆటగాళ్ల వినతిపత్రం

మూసాపేట, హైదరాబాద్

వరల్డ్స్ ఎడ్జ్ స్టూడియో యాజమాన్యానికి, ఫర్గాటెన్ ఎంపైర్స్ రూపకర్తలకు
(గచ్చిబౌలిలోని మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ ద్వారా)

ప్రతులు: తెలంగాణ ప్రభుత్వ ఐటీ శాఖ, భాషా సాంస్కృతిక శాఖ, వారసత్వ శాఖలకు

విషయం: 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: డెఫినిటివ్ ఎడిషన్'లో తెలుగువారికి ప్రత్యేక నాగరికతను, తెలుగు గొంతులను, కాకతీయుల క్యాంపెయిన్‌ను చేర్చాలని విన్నపం.

అయ్యా, అమ్మా,

మేము మూసాపేట, భరత్‌నగర్, కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీల్లో ఉండే ఆటగాళ్లం. మాలో చాలామందికి ఉద్యోగాలు హైటెక్ సిటీ, గచ్చిబౌలిల్లోనే. సొంత ఊళ్లు మాత్రం వరంగల్ నుంచి శ్రీకాకుళం దాకా, కరీంనగర్ నుంచి కడప దాకా ఉన్నాయి. 1999లో వచ్చిన మీ ఆటను ఇంజినీరింగ్ హాస్టళ్లలోనూ వీధి చివరి నెట్ సెంటర్లలోనూ నేర్చుకున్నాం. బ్రిటన్లు, ఫ్రాంకులు, మంగోలులు ఎవరో మాకు పాఠ్యపుస్తకం కన్నా ముందు ఈ ఆటే చెప్పింది. ఇంతకాలంగా ఆడుతున్నాం కాబట్టే ఇందులో మా చరిత్రకు చోటు అడుగుతున్నాం. విన్నపం తెలుగులోనే ఇస్తున్నాం. దీన్ని చదివి మీకు వివరించగల తెలుగువారు గచ్చిబౌలిలో మీ సంస్థలోనే ఉన్నారు.

1. విస్తరణ చేసిన మేలు

2013లో 'ది ఫర్గాటెన్' విస్తరణతో మొదటిసారి 'ఇండియన్స్' పేరిట మన ఉపఖండం ఆటలోకి వచ్చింది. హిమాలయాల నుంచి కన్యాకుమారి దాకా అందరికీ ఒకే నాగరికత, ఒకే భాష. యూరప్‌లో ఫ్రాంకులకు, ట్యూటన్లకు, ఇటాలియన్లకు విడివిడిగా చోటు దొరికిన ఆటలో ఇది లోటేనని ఆటగాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మీరు విన్నారు. 2022 ఏప్రిల్ 28న 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' విడుదల చేశారు. పాత ఇండియన్స్ హిందుస్తానీలయ్యారు. బెంగాలీలు, ద్రావిడులు, గుర్జరులు కొత్తగా వచ్చారు. బాబర్, రాజేంద్ర చోళుడు, దేవపాలుడి కథలతో మూడు క్యాంపెయిన్లు ఇచ్చారు.

ఈ విస్తరణను ఆటగాళ్లలో ఎక్కువమంది మనసారా ఆదరించారు. కోటగోడలను పగలగొట్టే పని దూలాల నుంచి కవచం తొడిగిన ఏనుగులకు మారింది. ఉరుమి తిప్పే సైనికుడు, చక్రం విసిరే యోధుడు వచ్చారు. ఎక్కడో తయారైన మూసలో మనల్ని పోయకుండా, ఇక్కడి యుద్ధ పద్ధతి నుంచే ఆట నియమాలను తీశారు. అందుకు కృతజ్ఞతలు.

2. ఆటగాళ్ల విమర్శలు

మెప్పుతో పాటు విమర్శలూ వచ్చాయి. విడుదలైన కొత్తలో హిందుస్తానీలు, గుర్జరులు మిగతావారికన్నా మరీ బలంగా ఉన్నారని ఫిర్యాదులు వచ్చాయి. తర్వాతి అప్‌డేట్లలో మీరు సరిచేశారు. ద్రావిడులు నీటి మ్యాపుల్లో గట్టివాళ్లే గానీ, గుర్రపు దళం బలహీనం కావడంతో నేల మ్యాపుల్లో తేలిపోతున్నారని అందరూ అన్నారు. వాళ్లకూ తర్వాత బలం పెంచారు.

నాగరికతల బలాబలాలను అప్‌డేట్లతో సర్దవచ్చు. అప్‌డేట్‌తో తీరని విమర్శ ఒకటి మిగిలింది. ద్రావిడులు అన్నది ఒక రాజ్యం పేరు కాదు, ఒక ప్రజ పేరూ కాదు. అది ఒక భాషా కుటుంబం పేరు. ఆ పేరు కింద తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు ఒక్క గుంపయ్యారు. వాళ్లు నడిపే ఓడ తిరిసడై, మాట్లాడే భాష తమిళం, క్యాంపెయిన్ చోళులది. తమిళ చరిత్రకు దక్కిన ఈ గౌరవం మాకూ సంతోషమే. అందులో ఒక్క అక్షరం తగ్గించమని మేము అడగం. 2013 నాటి ఇండియన్స్‌ను విడదీయడానికి 2022లో మీరు ఒప్పుకున్న కారణమే ద్రావిడులకూ వర్తిస్తుందని మాత్రం గుర్తుచేస్తున్నాం.

3. తెలుగు చరిత్ర ఆటలో ఎందుకు ఉండాలి

రాజేంద్ర చోళుడి కథ వేంగి లేకుండా పూర్తికాదు. అతని తోబుట్టువు కుందవ్వ వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడిని పెళ్లాడింది. అతని కూతురు అమ్మంగదేవి రాజరాజ నరేంద్రుడికి భార్య అయింది. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజు ఆయనే. ఆ దంపతుల కొడుకు 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. అంటే మీరు ఎంచుకున్న వంశానికి వారసుడు తెలుగు గడ్డ మీది కోట నుంచే వెళ్లాడు. ఆ గడ్డకు మాత్రం ఆటలో సొంత గొంతు లేదు.

ద్రావిడులకు మీరిచ్చిన ప్రత్యేక విద్య వూట్జ్ ఉక్కు. తమిళనాడు, కర్ణాటకలతో పాటు తెలంగాణ కూడా ఆ ఉక్కుకు పుట్టినిల్లే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారని 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశారు. మా కమ్మరుల పనితనం ఆటలో ఉంది, వాళ్ల పేరు లేదు.

ఇక కాకతీయులు. మీ ఆట నడిచే మధ్యయుగంలో వాళ్లు సరిగ్గా సరిపోతారు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించి తెలుగు నేలలో అత్యధిక భాగాన్ని ఒక్క పాలన కిందికి తెచ్చాడు. 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకువస్తే సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. అలా చేయబోమని, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోమని సముద్ర వర్తకులకు ఆ శాసనం మాట ఇచ్చింది.

ఆయన తర్వాత కూతురు రుద్రమదేవి గద్దెనెక్కింది. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే తిప్పికొట్టింది. సొంత సామంతులే తిరగబడినా నిలబడింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని నమోదు చేసింది. మీ ఆటలో జోన్ ఆఫ్ ఆర్క్ క్యాంపెయిన్ తొలినుంచీ ఉంది. ఓ సైన్యానికి ముందు నడిచిన ఆమె పక్కన, ఓ రాజ్యాన్నే దశాబ్దాల పాటు ఏలిన రుద్రమకు చోటు ఉండవలసిందే.

కాకతీయుల రాజధాని ఓరుగల్లు కోటను వ్యూహ క్రీడ కోసమే కట్టారా అనిపిస్తుంది. లోపల రాతికోట, దాని చుట్టూ కందకం, ఆ బయట మట్టికోట. 1310లో ఢిల్లీ సైన్యం చేసిన ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రూ ఆ మట్టిగోడ గట్టిదనాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. ఆ ముట్టడి తర్వాత కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు అప్పగించిన కప్పంలో ఏనుగులతో పాటు వేల గుర్రాలు కూడా ఉన్నాయని ఢిల్లీ చరిత్రకారులు రాశారు. అంత గుర్రపు బలం ఉన్న రాజ్యాన్ని, గుర్రపు దళమే బలహీనమైన నాగరికతలో కలపడం చరిత్రకు సరిపడదు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కథ అక్కడ ఆగలేదు. కొన్నేళ్లకే ముసునూరి కాపయ నాయకుడు కోటను తిరిగి గెలిచాడు. అద్దంకి, కొండవీటి రెడ్లు, రాచకొండ వెలమలు, ఆ తర్వాత విజయనగరం. ఒక విస్తరణకు కావలసిన దానికన్నా ఎక్కువే ఇక్కడ ఉంది.

4. మా కోరికలు

అ) తెలుగువారిని ప్రత్యేక నాగరికతగా చేర్చాలి. అప్పుడు ఇప్పటి ద్రావిడులకు తమిళులు అని పేరు పెట్టవచ్చు. ఇండియన్స్‌ను హిందుస్తానీలుగా మార్చినప్పుడు మీరు చేసింది ఇదే. కన్నడ సోదరులు కూడా ఇదే అడిగితే వారి పక్కన మేమూ నిలబడతాం.

ఆ) ఆ నాగరికతలోని రైతు, సైనికుడు, రాజు తెలుగులో మాట్లాడాలి. గొంతులు తెలుగు మాతృభాషగా ఉన్నవారివే కావాలి. వరంగల్, పల్నాడు, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు అందులో వినిపించాలి. మాటలను శాసన భాష తెలిసిన పండితులు చూడాలి.

ఇ) ఆట నియమాలు తెలుగు నేల నుంచే పుట్టాలి. మాకు తోచినవి చెబుతున్నాం: పొలాల పంటను పెంచే చెరువు, రాతిగోడకు బయట తక్కువ ఖర్చుతో లేచే మట్టికోట, మునిగిన వర్తక ఓడ ఖర్చులో కొంత తిరిగి ఇప్పించే అభయ శాసనం, కోటలకు సైన్యాన్ని సమకూర్చే నాయంకర విధానం. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి కాబట్టి వీటిని ఊహించుకోవలసిన పని లేదు, వచ్చి చూడవచ్చు.

ఈ) అద్భుత కట్టడంగా రామప్ప గుడిని పెట్టాలి. 1213 నాటి ఈ ఆలయాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇసుక పెట్టె మీద వేసిన పునాది, నీటిపై తేలే ఇటుకలు దాని ప్రత్యేకతలు.

ఉ) కాకతీయుల క్యాంపెయిన్ ఇవ్వాలి. గణపతిదేవుడి తీరాంధ్ర విజయంతో మొదలై, రుద్రమదేవి దేవగిరి యుద్ధం, కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు, ప్రతాపరుద్రుడి చివరి ముట్టడి మీదుగా, కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచే ఘట్టంతో ముగియాలి.

ఊ) ఆ కథ ఏ మతం మీదా ద్వేషం పెంచకూడదు. ఓరుగల్లును ముట్టడించినవి సుల్తానుల సైన్యాలే. తెలుగు కవులను ఆదరించిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కూడా సుల్తానే. ఆ రెండూ మా చరిత్రే. రాజ్యాల పోరును రాజ్యాల పోరుగానే చెప్పండి.

ఋ) 2025 మేలో వచ్చిన 'త్రీ కింగ్‌డమ్స్' విస్తరణ నుంచి పాఠం తీసుకోవాలి. మూడో శతాబ్దపు చైనా రాజ్యాలను మధ్యయుగపు ఆటలో కలపడాన్ని, ర్యాంక్‌డ్ పోటీల్లోకి హీరో యూనిట్లను తేవడాన్ని ఆటగాళ్లు తీవ్రంగా విమర్శించారు. రుద్రమదేవి క్యాంపెయిన్‌లో వీరనారిగా ఉండాలి. పోటీల్లో డబ్బులిచ్చి కొనుక్కునే బలంగా మారకూడదు.

ౠ) ఆట మెనూలు, చరిత్ర వ్యాసాలు తెలుగు లిపిలో రావాలి. హిందీలో ఇప్పటికే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8.11 కోట్ల మందికి తెలుగు మాతృభాష. ఇంగ్లిష్ చదవడం ఇంకా రాని పిల్లలు కూడా తమ చరిత్రను తామే చదువుకుంటూ ఆడగలగాలి.

5. తెలంగాణ ప్రభుత్వానికి

2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం రాష్ట్రం ప్రత్యేక విధానం తెచ్చింది. విదేశీ ఆటలకు బొమ్మలు గీసే నిపుణులు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. మన సొంత కథ వచ్చేసరికి వారికి ఆధారాలు అందుబాటులో లేవు. ఓరుగల్లు కోట, రామప్ప, కోటగుళ్లు, గోల్కొండల త్రీడీ కొలతలను, కాకతీయ శాసనాల పాఠాలను వారసత్వ శాఖ ఒకచోట పెట్టి, ఆట తయారుచేసే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా చేయాలి. కాకతీయ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం చరిత్రకారులతో సలహా బృందం ఏర్పాటు చేయాలి. అప్పుడు విదేశీ స్టూడియో అయినా, మాదాపూర్‌లో మొదలైన చిన్న స్టూడియో అయినా తప్పుల్లేని ఆట తీయగలదు.

6. మా వంతు

ఈ పనిలో మేమూ పాలుపంచుకుంటాం. పరీక్షా దశలో ఆడి లోపాలు రాసిస్తాం. తెలుగు అనువాదాన్ని సరిచూస్తాం. మాలో వరంగల్, పాలంపేట, మోటుపల్లి పరిసరాలు తెలిసినవారు ఉన్నారు. మీ కళాకారులు వస్తే వెంట ఉండి చూపిస్తాం.

'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' సాధించింది చిన్నది కాదు. భారతదేశం ఒకే గొంతుతో మాట్లాడే దేశం కాదని ప్రపంచమంతటి ఆటగాళ్లకు అది తెలియజేసింది. ఆ పనిని సగంలో ఆపవద్దు. మా కోరికలను పరిశీలించి, వీటిలో ఏవి చేయగలరో, ఎప్పటిలోగా చేయగలరో రాతపూర్వకంగా తెలియజేయాలని, మా ప్రతినిధులతో గచ్చిబౌలిలో ఒక సమావేశం ఏర్పాటు చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
మూసాపేట, భరత్‌నగర్, కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ ఆటగాళ్లు