గాలి కూల్చినది కొంత, గొడ్డలి కూల్చినది కొండంత

ఎండలు ముదిరిన వైశాఖమున నొకనాటి సాయంకాలము మబ్బు క్రమ్మి, దుమ్ము లేచి, ఈదురుగాలి వీచి, నాలుగు పెద్ద చినుకులు రాలి పోవుట కర్నూలు సీమవారికి క్రొత్త గాదు. ఆ మరునాడు ఓర్వకల్లు మీదుగా నంద్యాల బాటను పోవువారు చూచు దృశ్యమును క్రొత్త గాదు. ఒకచోట వేపకొమ్మ విరిగి కరెంటు తీగలపై వ్రేలాడుచుండును. ఒకచోట తుమ్మచెట్టు వేళ్లతోగూడ పెల్లగిలి బాటకడ్డముగా పడియుండును. అంతలో రంపములు వచ్చును, జేసీబీ యంత్రము వచ్చును, గంటలో బాట తేటపడును. యుద్ధప్రాతిపదికపై చెట్లను తొలగించిరని పత్రికలలో ప్రశంసయు వచ్చును. ఆ యుద్ధమెవరిమీదనో మాత్రమెవ్వరును చెప్పరు. విరిగిన కొమ్మతోబాటు విరుగని కొమ్మలను, ఒరిగిన చెట్టుతోబాటు ప్రక్కనే నిటారుగా నిలిచిన చెట్టును గూడ నేలగూల్చి బండ్లకెత్తుట మన కన్నులయెదుట జరుగుచున్నది. మేమీ వారము వ్రాయదలచినది ఈ యుద్ధమును గూర్చియే.

ఓర్వకల్లు రాతినేల. అచ్చటి బండల వింత రూపములను చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. కాని బండలు చూడవచ్చినవాడు నిలువ నీడకై వెదకునది చెట్టునే. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వానయైనను నిండని సీమలో, జానెడు మట్టిక్రింద రాయి తగులు నేలలో, ఒక వేప పదిమంది కూర్చుండు నీడనిచ్చుటకు ఒక తరము పట్టును. కోనసీమలో కొట్టిన కొమ్మ మరుసటి యేటికి చిగిర్చి కప్పుకొనవచ్చును. ఇచ్చట కొట్టిన చెట్టు కొట్టినవాని మనుమనికిగాని తిరిగిరాదు. కావున చెట్టును గూర్చిన యజాగ్రత్త ఏ సీమలో క్షమింపదగినదైనను ఈ సీమలో గాదు.

ఈ జిల్లాలోనే ఎఱ్ఱగుడి బండలమీద అశోకుడు చెక్కించిన ధర్మశాసనములున్నవి. వానిలో రెండవది మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచుటను, బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించుటను ఒక్కచోటనే చెప్పును. 2,200 ఏండ్లకు పైబడినది. నాటించుట మనము మరువలేదు. 1950లో కె. ఎం. మున్షీ దేశమంతటను వనమహోత్సవమును ప్రారంభించెను. 2015లో తెలంగాణమున హరితహారము, 2016లో ఆంధ్రదేశమున వనం-మనం వచ్చినవి. ఏటేట మంత్రులు మొక్కలు నాటుచున్నారు, ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు, కోట్ల లెక్కలు చదువుచున్నారు. సంతోషమే. అయితే శాసనములోని మొదటిమాటయగు చికిత్సను మనుష్యులకు వైద్యశాలగా, గొడ్లకు పశువైద్యశాలగా అమర్చుకొన్న మనము చెట్టునకేమి అమర్చితిమి? గొడ్డలిని. మనిషికి కాలు విరిగినచో వైద్యుని పిలుతుము, ఎద్దునకు కాలు విరిగినచో డాక్టరును పిలుతుము, చెట్టునకు కొమ్మ విరిగినచో కట్టెల గుత్తేదారును పిలుతుము!

గాలివానకు చెట్టేల కూలుచున్నదో విచారించినవారున్నారా? గాలి బలము కారణమనుట సగము నిజము. మిగిలిన సగము వానకు ముందు పది యేండ్లు మనము ఆ చెట్టునకు చేసిన సేవలో నున్నది. మొదట విద్యుత్తు తీగలకు అడ్డమని ఒక ప్రక్క కొమ్మలన్నిటిని నరికితిమి. బరువంతయు రెండవ ప్రక్కకు చేరెను. పిదప తల నరికి మోడు చేసితిమి. మోడునుండి గుబురుగా వచ్చిన చిగుళ్లు చూచి 'అహా, ఎంత పచ్చగా తిరిగి వచ్చినది!' అనుకొంటిమి. ఆ క్రొత్త కొమ్మలు మ్రాను లోపలినుండి పుట్టినవి గావు, పైతొక్కును అంటిపెట్టుకొని లేచినవి. అవి లావెక్కునాటికి వానిక్రింద కోతపడినచోట మ్రాను కుళ్లియుండును. అట్టి కొమ్మ గాలికి ఊడిపడక ఏమగును? తరువాత కాలువకని, గొట్టములకని చెట్టు మొదటను త్రవ్వితిమి. చెట్టు వేళ్లు పాతాళమునకు పోవునని జనుల నమ్మకము. నిజమునకు వేళ్లలో పెక్కుపాలు పైనుండు రెండు మూడడుగుల మట్టిలోనే కొమ్మల వ్యాప్తికి మించి ప్రక్కలకు ప్రాకును. ఓర్వకల్లువంటి రాతినేలలో ఇది మఱింత నిజము. ఒక ప్రక్క వేళ్లు తెగిన చెట్టు ఒంటికాలిపై నిలిచిన మనిషివంటిది. ఇంతయు చాలక, పాదు ఉండవలసినచోట మ్రాను చుట్టును సిమెంటు పోసి, రంగులు వేసి, సుందరీకరణమని పేరు పెట్టితిమి. 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీనగరమున చెట్ల చుట్టును మీటరు మేర సిమెంటును తొలగింపవలసినదని యాజ్ఞాపింపవలసి వచ్చెను. చెట్టునకు గాలియు నీరును కావలెనని చెప్పుటకు న్యాయమూర్తులు కావలసివచ్చిన కాలమిది.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపై విరుచుకుపడినది. నాటి గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమును తాకినది. బాటల వెంబడి త్వరగా ఎదుగునని, పూలు బాగుండునని నాటిన పరదేశపు చెట్లు వరుసలు వరుసలుగా కూలినవి. నిలిచిన చెట్లు సయితము ఆకొక్కటి లేక, కాల్చినట్లు నల్లబడి యుండెను. కొండలు గూడ గోధుమవర్ణము దాల్చెను. చూచినవారందరు చచ్చినవనిరి. కొన్ని వారములలో అవియే చిగిర్చినవి! ఆకు రాలిన చెట్టును చచ్చిన చెట్టుగా నెంచి నరుకువాడు మూర్ఛిల్లినవానిని పాడెకెత్తువానివంటివాడు. గాలివాన వెలిసిన మొదటి వారమున కూలిన చెట్టును, ప్రమాదకరముగా వ్రేలాడు కొమ్మను తప్ప వేరొకదానిని ముట్టరాదని నియమమొక్కటి యున్నచో ఎన్ని చెట్లు బ్రతుకునో ఆలోచింపుడు.

ఇది పాశ్చాత్యుల విలాసమని కొందరందురు. పాశ్చాత్యులనుండి నేర్వదగినది నేర్చుటలో తప్పులేదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో వేలకొలది చెట్లను రంపముతో చీల్చి చూచి తేల్చిన విషయమొకటున్నది. మన ఒంటిపై గాయము మానినట్లు చెట్టుగాయము మానదు. చెట్టు ఆ చెడిన భాగమును లోపల గోడలు కట్టి వేరుపరచి, పైని క్రొత్త కలపను పెంచుకొనును. కొమ్మ మ్రానునుండి వెలువడుచోట మెడపట్టీవలె ఉబ్బెత్తుగా నుండు మడత ఆ గోడకు మూలస్థానము. దానికి వెలుపల కోసినచో చెట్టు తనను తాను కాపాడుకొనును. నునుపుగా నుండునని మ్రానునకు సమముగా కోసినచో ఆ మడతయే పోయి కుళ్లు లోనికి దిగును. మూరెడు మొండెమును విడిచినచో అదియు కుళ్లును. గాయముపై తారు పూసి వైద్యము చేసితిమని మురియుట వట్టి భ్రమ. పెద్దకొమ్మను కోయువాడు మొదట క్రిందినుండి కొంత కోసి, దానికావల పైనుండి కోసి బరువును దింపి, తరువాత మడత వెలుపల తుదికోత కోయవలెను. లేనిచో కొమ్మ తన బరువుతో మ్రాను బెరడును చీల్చుకొని దిగును. ఈ మూడు కోతల విద్య నేర్చుటకు సీమకు పోనక్కరలేదు, మూడు దినములు చాలును.

ఇంగ్లండులో 1987 అక్టోబరున గొప్ప గాలివాన వచ్చి కోటియేబది లక్షల చెట్లను కూల్చినది. క్యూ ఉద్యానమున 1798లో నాటిన టర్నర్ ఓక్ అను చెట్టు అప్పటికే క్షీణించుచుండెను. గాలి దానిని వేళ్లతోగూడ పైకెత్తి మరల నచ్చోటనే దించినది. తోటవారు దానిని ఊతలతో నిలిపి, ఇక బ్రతుకదని ఊరకుండిరి. మూడేండ్లకు చూడగా అది మునుపటికంటె నవనవలాడుచుండెను. జనుల త్రొక్కిడికి గట్టిపడిన మట్టిని గాలి కదలించి వేళ్లకు ఊపిరి పోసినదని వారు గ్రహించిరి. గట్టిపడిన పాదులను గుల్లచేయుట నాటినుండి వారి వైద్యమున భాగమయ్యెను. మన రైతు ప్రతి మొక్కపాదును గొడ్డుపారతో గుల్లచేయుచున్నాడు. వాని విద్య తోటలో నిలిచిపోయి బాటకు రాలేదు, అంతియే.

మనదేశముననే కలకత్తా ఉద్యానమందలి మహావటవృక్షము 1864, 1867 సంవత్సరముల తుఫానులకు దెబ్బతిని, గాయములగుండా శిలీంధ్రము లోనికి చేరి, కడకు 1925లో తల్లిమ్రానునే తొలగింపవలసి వచ్చెను. గాలివాన గాయమునకు అరువదియేండ్ల పిమ్మట మరణము! చెట్టు చచ్చుట ఎంత నెమ్మదియో, మన నిర్లక్ష్యమెట్లు కానరాకుండునో దీనివలన తెలియును. అయినను ఆ చెట్టు ఊడలపై నేటికిని బ్రతికియున్నది. మహబూబునగరపు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలినప్పుడు, 2018లో అటవీశాఖవారు సెలైను సీసాలు వ్రేలాడగట్టి మందెక్కించి, కొమ్మలకు ఆధారములు నిలిపి కాపాడిరి. చేయవలెనను బుద్ధి యున్నచో మన తెలుగువారికి చేతగానిది కాదనుటకు ఇంకేమి సాక్ష్యము కావలెను? అయితే పేరుపొందిన మర్రికి వైద్యము, పేరులేని వేపకు గొడ్డలి. ఇదేమి న్యాయము?

మన చట్టము సంగతి చూతము. 2002 సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము అనుమతి లేక చెట్టు కొట్టరాదనుచున్నది. మంచిది. కాని అనుమతి పొందినవాని చేతికి విద్య యుండవలెనని ఎక్కడనున్నది? మంగలికత్తి పట్టువాడు గూడ కొన్నాళ్లు శిష్యరికము చేయును. చెట్టుపై రంపము పట్టువానికి ఆ మాత్రపు శిక్షణయు లేదు.

'ప్రాణములు ముఖ్యమా, చెట్లు ముఖ్యమా?' అని అధికారులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ప్రాణములే ముఖ్యము. చెట్టుకూలి మనుష్యులు మరణించుట మేమెరుగనిది గాదు. మొదలు కుళ్లిన చెట్టును బడిప్రక్కన నిలుపుమని మేమనుట లేదు. ఏది కుళ్లినదో, ఏది గట్టిదో చెప్పగలవాడొకడు కావలెననుచున్నాము. తల నరికి మోడు చేయుటవలన చెట్టు నేటికి పొట్టిదై రేపటికి ప్రమాదకరమగుచున్నది. ప్రాణములపై ప్రీతి గలవారు మొదట మానవలసినది ఆ పనియే. మఱియు ప్రాణములనగా బాటను పోవువారివి మాత్రమేనా? గాలివాన మరునాడు దినకూలికి చెట్టెక్కు పేదవాని ప్రాణము లెక్కలోనికి రాదా? నడుమునకు మోకు లేదు, తలకు టోపీ లేదు, తీగలో కరెంటు తీసిరో లేదో ఎవరు చూచిరి? వంగి బిగిసియున్న మ్రానును కోసినప్పుడది విల్లువలె ఎగిరి తన్నును. పెల్లగిలిన చెట్టు బోదెను కోసినచో వేళ్లగడ్డ వెనుకకు లేచి నిలువబడి, గుంటలో నిలిచినవానిని నలిపివేయును. ఈ సంగతులు వానికి చెప్పినవారెవరు?

మన గ్రామములలో నడుమునకు మోకు చుట్టి నిలువుచెట్లెక్కు గీతపనివారున్నారు. ఎక్కుటలో వారికెవ్వడును గురువు గానక్కరలేదు. వారి పిల్లలకు కోత విద్య నేర్పి, టోపీయు భీమాయునిచ్చి, మండలమునకిద్దరిని చెట్ల వైద్యులుగా జీతమిచ్చి నిలుపుట ప్రభుత్వమునకు భారమా? ఓర్వకల్లు స్త్రీల పొదుపుసంఘములు దేశమంతట పేరుపొందినవి. పైసా పైసా కూర్చి తమ సంసారములను నిలుపుకొన్న ఆ తల్లులకు బాటప్రక్కని చెట్ల పాదులను, గాలివాన అనంతరపు కట్టెలను, ఆకును అప్పగింపవచ్చును. ఆకు కుప్పలుచేసి తగులబెట్టుట ఎంత అవివేకము! వేప, కానుగ రొట్టను పొలమునకు ఎరువుగా తోలుకొనిన తాతలకు మనుమలమేనా మనము? ఆ రొట్టనే తునుకలుచేసి నిలిచిన చెట్ల పాదులలో పరచినచో మండువేసవిలో తడి ఆరదు. చిన్నచెట్టు ఒరిగినచో ఆ దినముననే వేళ్లకు తడిగోనె కప్పి, గుంట సరిచేసి, నిలువబెట్టి, మూడుప్రక్కల గుంజలు నాటి కట్టినచో చాలవరకు బ్రతుకును. రెండు మూడుదినములు ఎండకు వేళ్లు ఎండిన పిదప ఎవరేమి చేసినను కట్టెయే.

కర్నూలు జిల్లా అధికారులకు మా కోరిక యిది. వచ్చు ఫాల్గుణమాసము ముగియకముందే, ఈదురుగాలులు రాకముందే, ఓర్వకల్లునుండి నంద్యాలవరకు బాటసాల చెట్లకు వరుస అంకెలు వేయించి, తెలిసినవానిచే ఒక్కొక్కదానిని చూపించి, ఎండుకొమ్మలను మాత్రము తీయించి, కుళ్లినవానిని పేరుపేరున ప్రకటింపవలెను. విద్యుచ్ఛాఖవారు తల నరుకుట మానవలెను. గాలివాన మరునాడు ఏయే అంకెగల చెట్టును ఎవరు, ఎందుకు కొట్టించిరో, ఆ కట్టె ఎక్కడికి పోయెనో పంచాయతి గోడమీద అతికింపవలెను. ఆ పట్టికను ఈ పత్రికలో ఉచితముగా ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.