లండను - పారిసు: మైళ్ళ లెక్క, గడియారం లెక్క

కిందటి నెల మన సంఘం సమావేశం ముగిసిన తరువాత ఒక పెద్దాయన విమానం టిక్కెట్ల కాగితం నా చేతికిచ్చి, "ఏమండీ, ఇది అచ్చుతప్పు కాదు గదా?" అని అడిగారు. ఆయన కుమారుడు లండనులోను, కుమార్తె పారిసులోను కాపురాలుంటున్నారు. దంపతులిద్దరూ కొడుకు వద్దనుంచి కూతురి వద్దకు పోయి రావాలి. పోయేటప్పుడు లండనులో ఉదయం 10 గంటలకు బయలుదేరి 12-20కి పారిసు చేరడం. వచ్చేటప్పుడు పారిసులో సాయంకాలం 6 గంటలకు బయలుదేరి 6-20కే లండను చేరడం! పోవడానికి రెండు గంటల ఇరవై నిమిషాలూ, రావడానికి ఇరవై నిమిషాలేనా అని ఆయన సందేహం.

అచ్చుతప్పు కాదు. పారిసు గడియారం లండను గడియారం కంటె ఒక గంట ముందుంటుంది. వేసవిలో రెండు దేశాలవారూ గడియారాలను ముందుకు జరుపుతారు గాని, ఒకే క్షణాన జరుపుతారు గనుక తేడా మారదు. పోయేటప్పుడు ఒక గంట తీసివేయండి. వచ్చేటప్పుడు ఒక గంట కలపండి. రెండు వైపులా గంటా ఇరవై నిమిషాలే తేలుతుంది.

ఆ కాలమంతా ఆకాశంలో గడిచేదీ కాదు. తిన్నగా కొలిస్తే దూరం సుమారు 340 కిలోమీటర్లు, అనగా 210 మైళ్ళ పైచిలుకు. గాలిలో ఉండేది గంట లోపే. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అక్కడ తిరిగి ఆగేవరకూ టిక్కెట్టులో లెక్కవేస్తారు. 1919 ఆగస్టు 25న ఈ దారిలో దినసరి విమానాలు మొదలైనప్పుడు సుమారు రెండున్నర గంటలు పట్టేది.

మరి ఆ గంట తేడా ఎందుకు? సూర్యుణ్ణి బట్టి చూస్తే పారిసుకూ గ్రీనిచ్‌కూ భేదం తొమ్మిది నిమిషాల పైచిలుకే. 1911 నుంచి ఫ్రాన్సు కూడా గ్రీనిచ్ కాలాన్నే పాటించింది. 1940లో జర్మనులు పారిసును ఆక్రమించి తమ కాలాన్ని అక్కడ అమలుపరిచారు. యుద్ధం ముగిసినా ఫ్రాన్సు పాత కాలానికి తిరిగి పోలేదు.

ప్రయాణం చేసేవారు గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. ఫోను తన కాలాన్ని తానే సరిదిద్దుకుంటుంది. చేతి గడియారం దిద్దుకోదు. దాన్ని లండను కాలంలోనే ఉంచుకొని తిరుగు ప్రయాణానికి పోతే, విమానం గంట క్రితమే ఎగిరిపోయి ఉంటుంది. ఇక రెండవది: మన దేశపు పాస్‌పోర్టు గలవారికి బ్రిటన్ వీసా ఫ్రాన్సులో చెల్లదు. షెంజెన్ వీసా వేరుగా తీసుకోవాలి.

విమానాశ్రయాలు ఊరికి దూరమని జంకేవారికి రైలుంది. 1994లో తెరిచిన సొరంగం మీదుగా, సముద్రం అడుగున 38 కిలోమీటర్లు సాగి, రెండు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో ఊరి నడుమనే దింపుతుంది.

అంతా విని పెద్దాయన నవ్వి, "అయితే పోయేటప్పుడు ఒక గంట అప్పిచ్చి, వచ్చేటప్పుడు తిరిగి పుచ్చుకుంటామన్నమాట!" అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వడ్డీ మాత్రం లేదు.